వంతెన మీద కలవని రోజు

ఏటా రెండుసార్లు కోయెహామా అనే సముద్రపు రేవులో సునామీ డ్రిల్లు జరుగుతుంది. సైరన్ మోగగానే ఎక్కడి పని అక్కడ వదిలేసి, రేవులోని వాళ్ళంతా బుద్ధుడి గుడి ఉన్న మెట్ట ఎక్కాలి. అందరూ బుద్ధిగానే ఎక్కుతారు. ఎక్కి, చెమట తుడుచుకుని, గుడి వసారాలో కూచుని బార్లీ టీ తాగుతారు. అన్నం ముద్దలు, ముల్లంగి ఊరగాయ చేతులు మారతాయి. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచి మెట్ట అంచుకు చేరి కిందికి చూస్తారు. అసలు వినోదం మొదలయ్యేది అప్పుడే.

కింద, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, వంతెన మీద ఇద్దరు ముసలివాళ్ళు నిలబడి పోట్లాడుకుంటూ ఉంటారు.

"నీకోసమేగా వచ్చాను!"

"నిన్నెవడు రమ్మన్నాడు? నేనే నీకోసం వస్తుంటే!"

"నువ్వు నాకోసం రావడమేమిటే? నీ మోకాళ్ళకి మెట్టు దిగడమే చేతకాదు!"

"నీ చెవులకి సైరన్ వినపడదుగా! అందుకే వచ్చాను!"

ఆవిడ ఫుమినో. ఆయన తోకుజి. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళే. వకామే అనే సముద్రపు నాచు పెంచి, ఉడకబెట్టి, ఉప్పేసి అమ్మడం వాళ్ళ పని. నాచు ఉడికించే పాక రేవులో ఇవతలి ఒడ్డున ఉంది. తాళ్ళూ వలలూ దాచుకునే పాక ఏటికి అవతల, ఇంకో గుట్ట కింద ఉంది. పగలంతా ఆవిడ ఇవతల, ఆయన అవతల. ఆ దూరమే వాళ్ళ కాపురాన్ని ఇన్నాళ్ళు నిలబెట్టిందని ఊళ్ళో అనుకుంటారు. ఒకరు ఎడ్డెమంటే రెండోవాళ్ళు తెడ్డెమంటారు.

సైరన్ మోగితే ఆవిడ ఆయన్ని పిలవడానికి వంతెన వైపు పరుగెడుతుంది. ఆయన ఆవిణ్ణి పిలవడానికి వంతెన వైపు పరుగెడతాడు. ఊరంతా మెట్ట మీద రెండో విడత టీకి దిగాక వీళ్ళు తిట్టుకుంటూ పైకి చేరతారు. మైకు పట్టుకుని, పసుప్పచ్చ హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డ చిసతో వాళ్ళని చూసి నెత్తి కొట్టుకుంటుంది. హెల్మెట్ ఉంది కాబట్టి సరిపోయింది.

చిసతోకి ఊళ్ళో బ్యూటీ పార్లర్ ఉంది. విపత్తుల కమిటీకి పెద్ద కూడా ఆమే. ఆ పదవి ఎవరూ ఇవ్వలేదు, ఆమే తీసుకుంది. ఆమె వయసు నలభై దాటింది గానీ నోటి ధాటికి మాత్రం అరవై ఏళ్ళ అనుభవం ఉంది. డ్రిల్లు జరిగిన మర్నాడు ఫుమినో జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళి అడ్డంగా దొరికిపోయింది. మెడచుట్టూ తువ్వాలు బిగించాక ఇంక ఎక్కడికి పోతుంది?

"పిన్నీ, తల కదపకు. చెవి తెగుతుంది."

"కదపక? ఊరందరి ముందూ మైకులో నా పేరు పెట్టి అరుస్తావా?"

"అరవక ముద్దు పెట్టుకోనా? నిన్న మీ ఇద్దరూ మెట్టెక్కేసరికి మిగతావాళ్ళు మధ్యాహ్నం భోజనం ఏమిటని అడుగుతున్నారు. అదే నిజం అల అయితే?"

"నిజం అల రాలేదా ఏం? వచ్చింది. మేం బతకలేదా?" ఫుమినో అద్దంలోనే ఆమెను ఉరిమి చూసింది. "ఒకళ్ళనొకళ్ళు వెతుక్కున్నాం కాబట్టే బతికాం. నేను ఆ వేళ ఆయన్ని వంతెన మీద పట్టుకోకపోతే, నన్ను వెతుకుతూ రేవులోకే పోయేవాడు."

ఆ మాట ఊళ్ళో అందరికీ కంఠతా వచ్చు. పెద్ద అల వచ్చిన ఏడు వాళ్ళిద్దరూ సరిగ్గా అట్లాగే ఒకరికోసం ఒకరు పరుగెత్తి వంతెన మీద కలిశారు. అక్కణ్ణుంచి ఒకరి చెయ్యి ఒకరు లాక్కుంటూ, తిట్టుకుంటూ మెట్టెక్కారు. సగం ఎక్కి వెనక్కి చూసేసరికి అప్పటి వంతెన లేదు. చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారే, అట్లా బయటపడ్డారు. కాని మనిషి చిత్రమైనవాడు. అదృష్టం కొద్దీ దక్కిన ప్రాణాన్ని తన తెలివితేటలకి దక్కిన బహుమతి అనుకుంటాడు. వెతుక్కోవడమే తమని బతికించిందని ఇద్దరూ గట్టిగా నమ్మారు. కాపురంలో వాళ్ళిద్దరూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

"ఆయన నిన్నెందుకు వెతికాడు? నువ్వు కింద ఉంటావని. నువ్వు కింద ఎందుకున్నావు? ఆయన్ని వెతకడానికి." చిసతో కత్తెర ఆపింది. "నువ్వు పైకెళ్ళిపోయుంటావని ఆయనా, ఆయన పైకెళ్ళిపోయుంటాడని నువ్వూ నమ్మితే, ఇద్దరూ హాయిగా పైనుండేవాళ్ళు గదా. మన పెద్దవాళ్ళు 'తెన్‌దెన్‌కో' అన్నది ఎందుకు? ఎవరి కాళ్ళు వాళ్ళవి, ఎవరికి వారే పరుగెత్తాలి అని."

"మా ఆయన కాళ్ళని నమ్మొచ్చు. బుర్రని నమ్మలేను."

చిసతో నవ్వలేదు. తన వెనకున్న ఆమె మొహం అద్దంలో చూసి ఫుమినో కూడా నవ్వు ఆపుకుంది.

"మా అమ్మ ఆ వేళ నన్ను వెతుక్కుంటూ పార్లర్‌కి వచ్చింది పిన్నీ. నేను లేను. అప్పటికే మెట్ట మీదున్నాను. పైనుంచి కనబడుతూనే ఉంది. నీలం చున్నీ తలకి కట్టుకుని తలుపు కొడుతోంది. అరిచాను. గొంతు పోయేలా అరిచాను. వినపడలేదు." చిసతో దువ్వెనలో ఇరుక్కున్న వెంట్రుకలు తీసి నేల మీద వేసింది. "నేను పైనున్నానని చెప్పడానికి, కొట్టేందుకు ఒక్క గంట ఉంటే సరిపోయేదనిపిస్తుంది. ఒక్క గంట."

జుట్టు కత్తిరించడం పూర్తయ్యింది. తువ్వాలు విప్పాక ఫుమినో లేచి, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"ఆయనకి చెబితే వినడే. నేను తూర్పంటే పడమరంటాడు. పందెమైతే వింటాడు."

తోకుజికి పందేల పిచ్చి. పెళ్ళిచూపుల నాడే ఆమెతో పచ్చి గుల్లలు ఎవరు ఎక్కువ తింటారో పందెం వేసి ఓడిపోయినవాడు. ఆ ఓటమి ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఆ రోజు కడుపు బాగాలేదంటాడు. ఫుమినో కూడా తక్కువదేమీ కాదు. పొద్దున పాలవాడి బండి ముందు వస్తుందా, కాకి ముందు అరుస్తుందా అని కూడా ఇద్దరూ పందేలు కాస్తారు. ఓడినవాళ్ళు ఓడామని ఎప్పుడూ అనరు, అంతే.

చిసతో సభ పెట్టి పందెం నియమాలు చదివింది. సైరన్ మోగాక గానీ, నేల ఊగాక గానీ, ఎవరున్న చోటికి దగ్గరున్న ఎత్తుకి వాళ్ళు ఎక్కాలి. ఎక్కి గంట కొట్టాలి. గుడి దగ్గర ఒక గంట, ఏటి అవతలి గుట్ట మీద ఒక గంట, రెండూ ఒకప్పుడు ఊళ్ళో నిప్పంటుకుంటే కొట్టిన పాత గంటలే, అటక మీద నుంచి దింపించి వేలాడదీయించింది. ముందు కొట్టినవాళ్ళు గెలిచినట్టు. రెండోవాళ్ళని వెతుక్కుంటూ ఒక్క అడుగు వేసినా ఓడినట్టే. ఓడినవాళ్ళు మళ్ళీ డ్రిల్లు జరిగేదాకా పొద్దున్నే లేచి, సోయా ముద్ద కలిపి మీసో చారు కాయాలి.

"నిజంగా అలే వస్తే?" అని తోకుజి అడిగాడు.

"అప్పుడు ఏడాది మొత్తం."

"సరే గానీ అమ్మాయ్, నాకు మొదట్నుంచీ ఒక అనుమానం. నేల ఊగితే నీళ్ళకేం రోగం? నేల గొడవ నేలది, నీళ్ళ గొడవ నీళ్ళది."

"బాబాయ్, నువ్వు రోజూ వేణ్ణీళ్ళ తొట్టెలో కూచుంటావు గదా. ఒక్కసారి నడుం పైకెత్తితే నీళ్ళేమవుతాయి?"

"బయటికి పోతాయి. మా ఆవిడ తిడుతుంది."

"సముద్రం అడుగున నేల కూడా అట్లాగే ఎగదన్నుతుంది. మీద ఉన్న నీళ్ళన్నీ లేచి బయల్దేరతాయి. నడిసముద్రంలో పడవవాడికి తెలియను కూడా తెలియదు. ఒడ్డుకొచ్చేకొద్దీ లోతు తగ్గి అల ఎత్తు పెరుగుతుంది. పైగా మన అఖాతం గరాటులాంటిది. బయట వెడల్పు, లోపలికొచ్చేకొద్దీ ఇరుకు. పక్కకి పోవడానికి చోటు లేక నీళ్ళు పైకెక్కుతాయి."

"అందుకేగా అంత గోడ కట్టారు," అన్నాడు వెనక నుంచి ఎవరో.

"గోడ మనకి కాస్త సమయం ఇస్తుంది. ప్రాణం ఇవ్వదు. అయినా మన పాకలన్నీ గోడకి అవతల సముద్రం వైపే ఉన్నాయి. గోడ చూసుకుని కూచుంటే అంతే సంగతులు."

తోకుజికి ఆ గోడంటేనే కోపం. ఇళ్ళన్నీ కొండ మీదికి మార్చి, రేవుకీ ఊరికీ మధ్య నాలుగంతస్తుల ఎత్తున కట్టారు. పొద్దున్నే లేచి సముద్రం మొహం చూడకుండా పనికి పోవడం తన వల్ల కాదని ఆయన గోడ పూర్తయిన రోజున అన్నాడు. ఇప్పటికీ అంటున్నాడు.

"ఇంకొక్క మాట," అంది చిసతో. "నేల ఒక్క చిన్న కుదుపు కుదిపి ఆగితే కంగారు లేదు. మెల్లగా, ఎంతకీ ఆగకుండా ఊగిందా, సైరన్ కోసం చూడొద్దు. ఎక్కెయ్యండి. ఎక్కాక మొదటి అల పోయింది గదా అని దిగొద్దు. వెనక వచ్చేదే పెద్దది కావచ్చు."

మొదటి డ్రిల్లుకి తోకుజి సైరన్ మోగిన మరుక్షణం గంట కొట్టాడు. తీరా చూస్తే పొద్దుట్నుంచీ గుడి వెనకే దాక్కున్నాడు. తాతల సమాధులు కడుగుతున్నానని బుకాయించాడు. సమాధులు పొడిగా ఉన్నాయి. చిసతో ఓడినట్టు ప్రకటించింది. గెలిచినందుకు ఫుమినో రోజూ పొద్దున ఆయన కాచిన చారు తాగాల్సి వచ్చింది. ఆ చారులో ఉప్పు నాచుకి పట్టించేంత ఉంటుంది. గెలిచిన పాపానికి ఆమె రోజుకో కుండెడు నీళ్ళు తాగింది.

రెండో డ్రిల్లుకి ఆయన అవతలి పాకలో ఉన్నాడు. పక్కనే ఉన్న గుట్ట ఎక్కకుండా, వంతెన దాటి, రొప్పుకుంటూ గుడి మెట్ట మీదికే వచ్చాడు. చిసతో మళ్ళీ ఓడినట్టు ప్రకటించేసరికి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"నీ పక్కనున్న గుట్ట వదిలేసి వంతెన మీదికి దిగుతావా బాబాయ్? నియమం ఏమిటి? దగ్గరున్న ఎత్తు."

"ఆ గుట్ట మీద ఎవరున్నారే? నక్కలా? నేను గెలిస్తే చూసేవాళ్ళొద్దా?"

"అందుకే గంట పెట్టాం. చూడక్కర్లేదు, వింటాం."

మూడోసారి ఆయన గుట్ట ఎక్కి గెలిచాడు. గెలిచిన గంట ఎట్లా కొట్టాడనుకున్నారు? రెండు దెబ్బలు, ఆగి మూడు దెబ్బలు, మళ్ళీ రెండు, మళ్ళీ మూడు. పండగ డోలు దరువది. ఏరు దాటి, రేవు దాటి, గుడి దాకా వినపడింది. ఊళ్ళోవాళ్ళు వసారాలో చప్పట్లు కొట్టారు. ఫుమినో పళ్ళు నూరింది. అయితే ఆ రోజు ఆవిడా వంతెన వైపు చూడలేదు, ఆయనా చూడలేదు. చిసతో హెల్మెట్ తీసి పక్కన పెట్టి, పెద్ద అల తర్వాత మొదటిసారిగా డ్రిల్లులో కూచుని టీ తాగింది.

ఆ తర్వాతి వసంతంలో, నాచు కోతల రోజుల్లో, ఒక పొద్దున ఇద్దరికీ గొడవయింది. చారు వంతు ఫుమినోది.

"సముద్రం పక్కన పుట్టి చప్పిడి చారు తాగే ఖర్మ నాకే పట్టింది," అన్నాడు తోకుజి.

"నీ చారు తాగి తాగి నా నాలిక చచ్చిందిలే. ఉప్పు తెలిసి చావడం లేదు."

"ఆ నాలికే చచ్చుంటే ఊరికి పీడ పోయేది."

"పో, పో. అవతలి పాకకి పో. నీ మొహం చూడకుండా ఒక్క రోజు గడిస్తే గుడిలో దీపం పెడతాను."

ఆయన తలుపు ధడాలున వేసి అవతలి పాకకి పోయాడు. ఆవిడ ఇవతలి పాకలో నాచు గంగాళం దగ్గర కూచుంది. గోధుమరంగు నాచు వేణ్ణీళ్ళలో పడగానే పచ్చబడుతోంది. మిగతా ఆడవాళ్ళు కాడలు చీలుస్తూ కబుర్లు చెప్పుకుంటున్నారు. పదిగంటల టీకి ఇంకా వేళ కాలేదు.

అప్పుడు నేల ఊగింది.

కుదుపు కాదు. పడవలో కూచున్నట్టు మెల్లగా, అటూ ఇటూ. గంగాళంలో నీళ్ళు ఒక అంచు మీంచి చిందాయి, తర్వాత ఇంకో అంచు మీంచి. ఆగుతుందనుకున్నారు. ఆగలేదు. కబుర్లు ఆగిపోయాయి. ఫుమినో చెయ్యి దానంతటదే వెళ్ళి గ్యాస్ కట్టేసింది. కాళ్ళు వాటంతటవే లేచాయి. ఎవరూ ఎవరినీ పిలవలేదు. పాకలోని ఆడవాళ్ళంతా గోడకున్న మెట్లెక్కి, అవతలికి దిగి, గుడి దారి పట్టారు. ఫుమినో మోకాళ్ళు నొప్పెట్టాయో లేదో ఆమెకి తెలియదు. అందరికంటే ముందు వెళ్ళి కొయ్యసుత్తి తీసి గంట కొట్టింది.

కొట్టి, చెవి ఒగ్గింది. అవతలి గుట్ట నుంచి ఏమీ లేదు.

"ముసలాడు మెల్లగా ఎక్కుతున్నాడు," అంది గట్టిగా, అందరికీ వినపడేలా. "ఈసారి నేనే."

జనం వస్తున్నారు. చిసతో పార్లర్ ఏప్రన్ మీదే హెల్మెట్ పెట్టుకుని వచ్చింది. ఒక చెంప మీద జుట్టుకేసే రంగు అంటుకుని ఉంది. లౌడ్‌స్పీకర్లో ఆడగొంతు 'పెద్ద సునామీ హెచ్చరిక, వెంటనే ఎత్తైన చోటికి వెళ్ళండి' అని రెండుసార్లు చెప్పి మధ్యలో తెగిపోయింది. కరెంటు పోయింది. ఫోన్లు కలవడం లేదు. వచ్చినవాళ్ళని చిసతో పేరుపేరునా చూసుకుంది. ఇవతలి ఒడ్డు వాళ్ళందరూ ఉన్నారు.

అవతలి గుట్ట గంట మోగలేదు.

ఫుమినోకి పొద్దుటి మాట గుర్తొచ్చింది. నీ మొహం చూడకుండా ఒక్క రోజు గడిస్తే. నాలిక కొరుక్కుంది. గంట దగ్గర సుత్తి పెట్టేసి, దిగే దారి మొదట్లోకి వచ్చి నిలబడింది. మెట్ట మీద ఎక్కణ్ణుంచి చూసినా వంతెన ఇవతలి సగమే కనిపిస్తుంది. అవతలి కొస చెట్ల చాటున ఉంటుంది. ఆ వంపు దాకా దిగితే అంతా కనిపిస్తుంది. ఆ వంపు ఎంత దూరం?

"వంపు దాకా వెళ్ళి చూసొస్తాను," అంది. "అంతే. వంపు దాకా."

చిసతో ఆమె చెయ్యి పట్టుకోలేదు. అడ్డంగా నిలబడనూ లేదు. పక్కన వచ్చి నిలబడింది, అంతే.

"పిన్నీ, నువ్వు వంపులో కనిపిస్తే బాబాయ్ ఎటు వస్తాడు?"

ఫుమినో ఒక కాలు కిందికి పెట్టింది. ఆ కాలు అక్కడే ఆగింది. పెద్ద అల రోజున వంతెన మీద తను కనిపించగానే ఆ మనిషి ఎట్లా పరుగెత్తుకొచ్చాడో ఆమెకి కళ్ళకి కట్టినట్టుంది. చేతులు రెండూ చాచి, తిడుతూ. తను ఎక్కడ కనిపిస్తే అక్కడికే వస్తాడు. నీళ్ళకి అడ్డం పడైనా వస్తాడు. వెధవ ముసలాడు, వేరే దారి తెలియదు వాడికి.

కాలు వెనక్కి తీసుకుంది. అది ఆమె జీవితంలో చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైన పని. వెనక్కి వచ్చి సుత్తి అందుకుని, ఒళ్ళు తెలియని కోపంతో గంట మీద విరుచుకుపడింది.

"ఎక్కు! ఎక్కు ముసలాడా! నేను గెలిచాను! పైనున్నాను! నువ్వు రావద్దు! రావద్దు!"

భుజం పట్టేసేదాకా కొట్టింది. ఆమె చేతిలోంచి సుత్తి తీసుకుని చిసతో కొట్టింది. చిసతో అలిసిపోతే పూజారి కొట్టాడు.

సముద్రం వెనక్కి పోయింది. రేవు అడుగు బయటపడింది. పాత టైర్లు, విరిగిన లంగరు, ఎన్నడూ వెలుగు చూడని నల్లటి బురద. తర్వాత అఖాతం నోటి దగ్గర ఒక తెల్లటి గీత కనిపించింది. గీత దగ్గరికొచ్చేకొద్దీ గట్టయింది, గట్టు గోడయింది. నాచు తెప్పలు దాని ముందు దొర్లుకుంటూ వచ్చాయి. పెద్ద అలంత పెద్దది కాదు. ఊరి గోడ దాటలేదు. కాని గోడకి అవతలున్న పాకలన్నిటినీ ఎత్తుకుని, గిరగిరా తిప్పి, ఏటి మొగలోకి నెట్టింది. నీళ్ళు పల్లపు రోడ్డు మీదికెక్కాయి. వంతెన మీదికెక్కాయి. వంతెన పక్క కమ్మీలు కాసేపు నీళ్ళ మీద కనిపించి, ఒక్కొక్కటే లేకుండా పోయాయి.

ఫుమినో ఆ వంతెన వైపే చూస్తూ ఉంది. తోకుజి పసుప్పచ్చ రబ్బరు కోటు కనిపిస్తుందేమోనని కళ్ళు చిట్లించి వెతికింది. కనిపించకూడదని దండం పెట్టుకుంటూ వెతికింది. కట్టుకున్నవాడు తనకోసం రాకూడదని మొక్కుకోవడం ఏభై ఏళ్ళ కాపురంలో ఆమెకి అదే మొదటిసారి.

రోడ్డు మీద ఎవరూ లేరు. కనిపించిన మేర వంతెన మీదా ఎవరూ లేరు.

"రాలేదు," అంది. "రాలేదే. రాలేదు." మరి ఎక్కాడా? ఆ మాట నోటి దాకా వచ్చింది గానీ బయటికి అనలేకపోయింది. వసారా స్తంభం పట్టుకుని నిలబడింది.

గంట మోగింది.

ముందు ఒక్క దెబ్బ. సుత్తి ఎత్తే బలం లేనివాడు కొట్టినట్టు. చాలాసేపు ఆగి ఇంకొకటి. ఎవరో ఊపిరి పీల్చుకుంటున్నారు, అంత దూరం నుంచీ ఆ సంగతి తెలుస్తోంది. ఆ తర్వాత రెండు దెబ్బలు, ఆగి మూడు. మళ్ళీ రెండు, మళ్ళీ మూడు.

"చూడు, చూడు, ఓడిపోయి కూడా పొగరు చూడు!" అంటూ ఫుమినో నేల మీద కూలబడి ఏడ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. చిసతో మాత్రం మెట్ట అంచున నిలబడి, హెల్మెట్ రెండు చేతుల్తో పట్టుకుని, పాత పార్లర్ ఉండిన చోటు వైపు చూస్తూ ఉంది. తర్వాత వచ్చి ఫుమినో పక్కన కూచుంది.

"ఈసారి వినపడింది పిన్నీ," అంది.

రెండో అల మొదటిదానికంటే పెద్దదిగా వచ్చింది. మూడోదీ వచ్చింది. ఎవరూ దిగలేదు. గుడిలో దీపాలు వెలిగించుకుని, అన్నం ముద్దలు పంచుకుని అక్కడే ఉండిపోయారు. ఒక దీపం ఫుమినో విడిగా పెట్టింది. మొక్కు మొక్కే గదా, ముసలాడి మొహం చూడకుండా రోజు గడిచినట్టే.

మర్నాడు హెచ్చరిక ఎత్తేశాక తోకుజి కొండ వెనక చుట్టుదారిన నడిచొచ్చాడు. పసుప్పచ్చ కోటు నడుం దాకా ముళ్ళకి చీరుకుపోయింది. గుడి దగ్గర ఊరంతా చుట్టూ చేరింది. ఇప్పుడు మొదలవుతుంది అసలు సంగ్రామం అనుకున్నారు. గంట తనే ముందు కొట్టానంటాడు, గాలి మళ్ళి వినపడలేదంటాడు, ఆవిడ గంట లెక్కలోకి రాదంటాడు. అంతా కాచుకుని ఉన్నారు.

ఆయన ఫుమినోని ఎగాదిగా చూశాడు. జుట్టు సర్దుకోలేదేమని కూడా అనలేదు.

"ఓడిపోయాను," అన్నాడు.

ఊరు నోరు తెరిచింది. పచ్చి గుల్లల దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఆ నోట రాని మాట అది. ఆ మనిషి ఊరికే ఓటమి ఒప్పుకునేవాడు కాదని ఫుమినోకి తెలుసు.

ఆ మర్నాటి పొద్దున కొండ మీది ఇంట్లో కట్టెపొయ్యి వెలిగించి, తోకుజి తనే చారు కాచాడు. రెండు గిన్నెల్లో పోసి తెచ్చి ఎదురుగా కూచున్నాడు.

"వంతెన దాకా వచ్చావా?" అని ఫుమినో అడిగింది.

ఆయన గిన్నెలోకి చూశాడు. "వచ్చాను."

"నేను ఎక్కగానే కొట్టాను గదా. వినలేదా?"

"ఏం వింటాను? అటకంతా మీద పడింది. తాళ్ళ కిందనుంచి బయటికి రావడానికే సరిపోయింది. లేవగానే ఇంకేం తోచలేదు. నీ మోకాళ్ళు గుర్తొచ్చాయి. పందెం పోతే పోయిందని వచ్చేశాను. వంతెన మీద ఒక కాలు పెట్టాను." ఆగి, మెడ గోక్కున్నాడు. "అప్పుడు నీ గంట వినపడింది. ఏం కొట్టుడే అది! మనిషి కొట్టినట్టా? దీని దుంపతెగ, గెలిచేసింది, అనుకున్నాను. పైనున్నదానికోసం నేను పోవడం దేనికి? తిట్టుకుంటూ వెనక్కి తిరిగి గుట్టెక్కాను. నా వెనకే నీళ్ళు ఎక్కుతున్న చప్పుడు వినపడింది."

ఒక కాలు కిందికి పెట్టి తను ఆగిన చోటు ఫుమినోకి మళ్ళీ కళ్ళముందు కనిపించింది. ఆయన కాలు వంతెన మీద, తన కాలు దారి మొదట్లో. అంతే దూరం.

"మళ్ళీ ఎందుకు కొట్టావు?" అన్నాడు తోకుజి. "ఒకసారి కొడితే గెలిచినట్టేగా."

"నీకోసం దిగబోయాను. ఒక కాలు పెట్టి, దిగలేక కొట్టాను."

ఆయన తలెత్తాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా అట్లా చూసుకోలేదు, అప్పుడు ఇద్దరి చూపూ గుల్లల మీదే ఉంది.

"అయితే ఒక కాలు పెట్టావన్నమాట," అన్నాడు ఆయన మెల్లగా. "ఒక్క అడుగు వేసినా ఓడినట్టేనని నియమం."

"పెట్టి తీసేశాను. అది అడుగు కాదు."

"చిసతోని అడుగుదాం."

"అడుగు, పో. ముందు చారు తాగు, చల్లారుతుంది."

ఆమె గిన్నె ఎత్తి ఒక గుక్క తాగింది. సముద్రాన్నంతా ఒక గిన్నెలో మరిగించినట్టుంది. ఆయన కళ్ళప్పగించి చూస్తున్నాడు.

"ఎట్లా ఉంది?"

ఫుమినో గిన్నె దించకుండా అడుగంటా తాగింది. మూతి తుడుచుకుని, ఖాళీ గిన్నె ఆయన ముందుకి చాచింది.

"ఇంకొంచెం పొయ్యి," అంది. "ఏడాది మొత్తం పొయ్యాలి నువ్వు. గుర్తుంచుకో."